నెల్లూరులో నాలుగు గొంతుల పాట

మా నెల్లూరులో ఒకప్పుడు యూరప్ సంగీతకారులు హాండెల్‌నీ బాఖ్‌నీ మొజార్ట్‌నీ పాడే చిన్న క్వయర్ ఒకటి ఉండేదని చెప్తే మా పిల్లలే నమ్మరు, ఇంక బయటివాళ్ళు ఏం నమ్ముతారు. నెల్లూరంటే చేపల పులుసు, కారం దోశ, మలై కాజా, పాట సంగతికొస్తే బాలు గారు, అక్కడితో అయిపోతుంది. బాలు గారంటే మాకూ ప్రాణమే, కాదనడం లేదు. కానీ ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో శనివారం సాయంత్రం మిషన్ కాంపౌండ్ గోడ వెంబడి నడిచి వెళ్ళేవాళ్ళకి లోపల ఒక స్కూలు గదిలోంచి లాటిన్ పాట వినపడేది. ఆ పాడేవాళ్ళలో నేనూ ఉండేదాన్ని.

క్వయర్ అంటే ఇప్పుడు కీబోర్డు, డ్రమ్స్, మనిషికో మైకు పెట్టుకుని పాడే గుంపు అనుకునేరు. అది కాదు. మొత్తం కలిపి పదహారు మందిమి, ఇరవైకి ఎప్పుడూ చేరలేదు. సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు వరసలు, ఆడవాళ్ళవి రెండు, మగవాళ్ళవి రెండు, రెండింట్లోనూ ముందుది పై గొంతు, తర్వాతది కింది గొంతు. ఒకే మాటని నాలుగు వరసలూ వేరే వేరే స్వరాల మీద పాడతాయి, అన్నీ కలిస్తేనే పాట. పెద్ద ఊళ్ళలో వంద మంది నిలబడి పాడేదాన్ని మేం ఒక్కో వరసకి నలుగురైదుగురం పాడేవాళ్ళం, టెనర్లయితే ఇద్దరే. ఒకరికి జలుబు చేసిందంటే ఆ వారానికి ఆ వరస సగం పోయినట్టే. దానికి పేరు కూడా సరిగ్గా పెట్టుకోలేదు, అందరూ మాస్టారి క్వయర్ అనేవాళ్ళు.

మాది చర్చికి వెళ్ళే ఇల్లు కాదు. మూలాపేటలో మూలస్థానేశ్వరస్వామి గుడికి దగ్గర్లో అద్దెకుండేవాళ్ళం. పొద్దున్నే లేచి శ్రుతిపెట్టె ముందేసుకుని కర్ణాటక సంగీతం అలంకారాలు, వర్ణాలు పాడుకోవడం, ఆ తర్వాత కాలేజీ. పక్క వాటాలో ఒక నర్సక్క ఉండేది, మిషన్ ఆస్పత్రిలో ఉద్యోగం. పాపం నైట్ డ్యూటీ చేసి వచ్చి ఆమె పడుకునే టైముకి సరిగ్గా నేను మొదలుపెట్టేదాన్ని, ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఒకరోజు బట్టలారేస్తా పిలిచి, "ఏం పాపా, నీ గొంతు కింది స్వరాల్లో బాగా పలకతా ఉండాది, మాకు ఆల్టోలు తక్కువయ్యారు, శనివారం నాతో వస్తావా" అనింది. అమ్మ కొంచెం నసిగింది. నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండా, "పాటేగా, పోయి రానీ, ఏడున్నరకల్లా ఇంట్లో ఉండాల" అన్నాడు. అంతకన్నా పర్మిషన్ ఏం కావాలి.

మాస్టారంటే లెక్కల టీచరుగా రిటైరైన మనిషి. సన్నగా ఉండేవారు, తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, జేబులో పెన్ను పక్కన ట్యూనింగ్ ఫోర్క్, కొడితే ఒకే స్వరం పలికే రెండు కొమ్ముల కడ్డీ. చిన్నప్పుడు బోర్డింగులో ఉండి చదువుకునే రోజుల్లో ఒక అమెరికన్ దొరసాని దగ్గర నొటేషన్, అంటే పాశ్చాత్య సంగీతం స్వరాల రాత, చదవడం నేర్చుకున్నారట, అంతకు మించి ఏ సంగీతం కాలేజీ గడపా తొక్కలేదు. మద్రాసు వెళ్ళినప్పుడల్లా మౌంట్ రోడ్డులో మ్యూసీ మ్యూజికల్‌కి పోయి పుస్తకాలు తిరగేసి కొనగలిగింది కొనేవారు, కొనలేనిది తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకుని రాత్రుళ్ళు కూర్చుని చేత్తో కాపీ చేసుకునేవారు. మద్రాసు మ్యూజికల్ అసోసియేషన్ క్వయర్‌ని చాలా ఏళ్ళు నడిపిన హాండెల్ మాన్యుయెల్ గారంటే ఆయనకి వల్లమాలిన భక్తి. ఆ క్వయర్ పాట ఒకసారి విని వచ్చాకే, నెల్లూరులో కూడా ఇలాంటిది ఎందుకు ఉండకూడదు అని మొదలుపెట్టారట. ఎందుకు ఉండకూడదో చెప్పడానికి నూరు కారణాలుండొచ్చు, ఆయన ఒక్కటీ వినే రకం కాదు.

మొదటి రోజు నా చేతిలో పెట్టిన సైక్లోస్టైల్ కాగితం మీద ఐదు గీతలూ లేవు, చుక్కలూ లేవు. డి, ఆర్, ఎం, ఎఫ్, ఎస్, ఎల్, టి అని చిన్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో కోలన్లు, నిలువు గీతలు. టానిక్ సోల్ఫా అంటారు దాన్ని. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో సారా గ్లోవర్ అనే టీచరమ్మ మొదలుపెడితే, జాన్ కర్వెన్ అనే పాస్టరు గారు దాన్ని సరిచేసి దేశమంతా పాకించాడు. పియానో కొనలేని, ఐదు గీతల స్టాఫ్ నొటేషన్ నేర్చుకునే తీరిక లేని మామూలు జనం కూడా నాలుగు వరసల్లో పాడుకోవాలని ఆయన పట్టుదల. మిషనరీలతో పాటు అది మన దాకా వచ్చింది. నేను ఆ కాగితం కాసేపు చూసి, "మాస్టారూ, ఇది సరిగమే కదండీ" అన్నా. కాగితం మీద డి అంటే డో, అది ఎక్కడ పెట్టుకుంటే అదే సా. పాశ్చాత్యుల మేజర్ స్కేలు స్వరాలు మన ధీర శంకరాభరణం స్వరాలే, 29వ మేళకర్త, అంటే మూల రాగం. పైన "కీ డి" అని, అంటే పాట ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో, రాసుంటే మా లెక్కలో రెండు శ్రుతి. మాస్టారు నవ్వి, "అయితే నీకు సగం పని తగ్గింది, మిగతా సగం పెరిగింది" అన్నారు. పెరిగిన సగం ఏంటో కాసేపట్లోనే తెలిసొచ్చింది.

గమకం, అంటే స్వరాన్ని ఊపి పాడటం. ఏ స్వరాన్నీ ఊరికే నిలబెట్టడం నాకు రాదు. శంకరాభరణంలో మధ్యమం, నిషాదం ఊగకుండా ఉంటే మా సంగీతం టీచరు గారు ఒప్పుకునేవారే కాదు, ఏళ్ళ తరబడి అలా అలవాటైన గొంతు అది. ఇక్కడ చూస్తే బేసులు కింద సా పట్టుకుంటారు, టెనర్లు పా పట్టుకుంటారు, మధ్యలో మా ఆల్టోలకి చాలా చోట్ల గాంధారం వస్తుంది. అది కదలకుండా నిలబడితేనే మూడూ కలిసి ఒకటిగా మోగుతాయి. నేను కాస్త ఊపానంటే గదిలో ఉన్న పదహారు మందికీ తేడా తెలిసిపోతుంది. "అమ్మాయ్, నీ గమకం బంగారమే, బీరువాలో పెట్టి తాళమేసి రా, ఇంటికి పోయాక తీసుకో" అనేవారు మాస్టారు. అది అలవాటవడానికి నాకు ఆ ఏడాదంతా పట్టింది.

ఇంకో కష్టం ఏంటంటే ఆల్టో వరసకి సొంతంగా అందం ఉండదు. పాట అని జనం అనుకునేది సోప్రానోల దగ్గర ఉంటుంది, గంభీరం బేసుల దగ్గర ఉంటుంది, మాకు రెండు మూడు స్వరాల చుట్టూ తిరగడమే. ఇంట్లో అమ్మ ఒకసారి "ఏం నేర్చుకుంటున్నావో పాడు చూద్దాం" అంటే హాండెల్ రాసిన హల్లెలూయా కోరస్‌లో నా వరస పాడా. అమ్మ చివరిదాకా ఓపిగ్గా విని, "ఇదేందే, ఒక్క చోటే తిరగతా ఉండాది, పాట ఎప్పుడు మొదలవతాది?" అనింది. నిజం చెప్పాలంటే నాకు ఆ ఒక్క చోట తిరగడమే నచ్చింది. పక్కన మూడు వరసలు నడుస్తుంటే వాటి మధ్యలో నా స్వరం ఎక్కడ కూర్చుందో వినడంలో ఒక సుఖం ఉంది, ఒంటరిగా వర్ణం పాడేటప్పుడు నాకు ఎప్పుడూ దొరకలేదు అది. ఇది వర్ణాన్ని తక్కువ చేసి చెప్పడం కాదు, రెండూ వేరే వేరే ఆకళ్ళు.

సంగీతం టీచరు గారికి చెప్పడానికి మాత్రం నాకు భలే టెన్షన్. మడి, ఆచారం ఉన్న మనిషి, ఏమంటారో అని కొన్నాళ్ళు దాచా. ఒకరోజు పాఠం అయ్యాక మెల్లగా చెప్పేశా. ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టి, "దీక్షితుల వారికి లేని పట్టింపు నాకెందుకే" అన్నారు. నాకు అప్పటిదాకా తెలీదు. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు పక్కన మణలిలో ఉన్న రోజుల్లో సెయింట్ జార్జి కోటలో తెల్లవాళ్ళ బ్యాండు విని ఆ వరసలకి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. నొట్టుస్వర సాహిత్యాలు అంటారు, దాదాపు 40 దాకా ఉన్నాయి, అన్నీ శంకరాభరణం స్వరాలే. అందులో "సంతతం పాహిమాం" బ్రిటిష్ రాజుగారి గీతం గాడ్ సేవ్ ది కింగ్ వరసలో ఉంటుంది. టీచరు గారు అక్కడికక్కడే పాడి చూపించారు, ఒక్క గమకం లేకుండా, నిటారుగా. పాడాక, "ఇంట్లో వర్ణం ప్రాక్టీసు మానేశావో, కాళ్ళు విరగ్గొడతా" అన్నారు.

ఈ సంగతి మాస్టారికి చెప్తే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. అమెరికన్ బాప్టిస్టుల నుంచి శామ్యూల్ డే అనే ఆయన 1840లో నెల్లూరు వచ్చి మిషన్ పెట్టాడు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కే. 1853లో అమెరికాలో వాళ్ళ సభలో ఈ నెల్లూరు మనకెందుకు, మూసేద్దామా అని చర్చ జరిగింది. మ్యాపులో మిగతా చోట్ల మిషన్లన్నీ గుంపుగా కనపడుతుంటే నెల్లూరు ఒక్కటే ఒంటి నక్షత్రం. ఆ సమయంలో శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే ఆయన రాత్రికి రాత్రి ఆ ఒంటి నక్షత్రం మీద కవిత రాశాడు, దాంతో నెల్లూరు మిషన్‌కి లోన్ స్టార్ అనే పేరు నిలిచిపోయింది, మూసేసే మాట వెనక్కి పోయింది. ఈ స్మిత్ గారే అంతకు ముందు, 1831లో, అమెరికా వాళ్ళ దేశభక్తి గీతం ఒకటి రాశాడు, దాని వరస ఏంటయ్యా అంటే మళ్ళీ అదే గాడ్ సేవ్ ది కింగ్. "చూశావా, మా మిషన్‌ని నిలబెట్టిన కవీ, మీ దీక్షితులూ ఒకే వరసకి మాటలు కట్టారు" అని ఆ రోజంతా ఎవరొస్తే వాళ్ళకి చెప్పారు. తర్వాతి శనివారం మా చేత రెండూ పాడించారు, ముందు సంస్కృతం, తర్వాత ఇంగ్లీషు, నాలుగు వరసల్లో.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ గదిలో జిల్లా మొత్తం ఉందనిపిస్తుంది. సగం మంది బాప్టిస్టులు, వాళ్ళకి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కంఠస్థం. ఆ పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి, పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు చూసి నేను ఆశ్చర్యపోయా, మా పాఠం పుస్తకంలాగే ఉందే అని. సంతపేట కేథలిక్ చర్చి వైపు నుంచి ఒక సిస్టరు గారు వచ్చేవారు, లాటిన్ ఉచ్చారణ ఆవిడ బాధ్యత. గూడూరు నుంచి ఒక లూథరన్ దంపతులు బస్సులో వచ్చేవాళ్ళు. జర్మనీలో హెర్మన్స్‌బర్గ్ అనే ఊరి మిషనరీలు 1860లలో మా జిల్లా దక్షిణాన సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు దిగారు, ఆ చర్చిల్లో జర్మన్ కొరాల్, అంటే చర్చి పాటల, వరసలు తెలుగు మాటలతో పాడుకుంటూనే ఉన్నారు. బాఖ్ నాలుగు వరసలు కూర్చిన కొరాల్ ఒకటి మేం వారాల తరబడి కుస్తీ పడుతుంటే, గూడూరు అన్న తీరిగ్గా, "ఇది మా అమ్మ వంట చేస్తా పాడేదే" అని తెలుగులో ఎత్తుకున్నాడు. మాస్టారు ఫోర్కు జేబులో పెట్టేసి అలా చూస్తా ఉండిపోయారు.

మా టెనర్లిద్దరిలో ఒకాయన బిట్రగుంట నుంచి వచ్చే ఆంగ్లో ఇండియన్ అంకుల్, రిటైర్డ్ ఇంజన్ డ్రైవరు. బిట్రగుంట అంటే ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల పెద్ద షెడ్డు, రైల్వే కాలనీ, ఇన్‌స్టిట్యూట్, అక్కడ పాత పియానో. ప్యాసింజర్లో వచ్చి ప్యాసింజర్లో పోయేవాడు, కాబట్టి మా ప్రాక్టీసు ఎంతసేపు జరగాలన్నది మాస్టారి చేతిలో ఉండేది కాదు, దక్షిణ మధ్య రైల్వే చేతిలో ఉండేది. ఆయన తెలుగు విచిత్రంగా ఉండేది, కర్తకీ క్రియకీ పొత్తు కుదరదు, అయినా బూతులు మాత్రం అచ్చ నెల్లూరువి. సిస్టరు గారు ఉన్నప్పుడు పెదాలు బిగపట్టుకుని కూర్చోవడం చూసి మాకు నవ్వు ఆగేది కాదు. గొంతు మటుకు అద్భుతం. ఆ వయసులో పై స్వరాలు అంత తేలిగ్గా అందుకునే మగ గొంతు నేను మళ్ళీ వినలేదు.

1989 నవంబరులో తుఫాను కావలి దగ్గర తీరం దాటింది. ఆ గాలి గురించి మా జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు, చెట్లు, స్తంభాలు, పెంకులు, రోజుల తరబడి కరెంటు లేదు. మా స్కూలు గది కప్పు ఒక పక్క లేచిపోయి, కాళ్ళతో తొక్కి వాయించే పాత హార్మోనియం నిండా తడిసింది. గాలి తిత్తి తోలు ఉబ్బిపోయింది, కొన్ని రీడ్లు మోగవు, కొన్ని ఆగవు. మద్రాసు నుంచి మనిషిని పిలిపించి బాగుచేయించే డబ్బు ఎవరి దగ్గరా లేదు, ఉన్నా ఆ నెలలో అది అడగడానికి ఎవరికీ నోరు రాలేదు, సగం మంది ఇళ్ళే కూలిపోయి ఉంటే. మాస్టారు, "సరే, వాయిద్యం లేకుండా పాడదాం" అన్నారు.

క్వయర్ నిజంగా క్వయర్ అయింది అప్పుడే అని నా అభిప్రాయం. కచేరీలో తంబురా ఉంటుంది, మనం ఎక్కడికి పోయినా సా మనకోసం అక్కడే ఉంటుంది. ఇక్కడ అది కూడా లేదు. మాస్టారు ఫోర్కు మోకాలి మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకుని, నాలుగు వరసలకీ నాలుగు స్వరాలు మెల్లగా అందించి చెయ్యి ఎత్తుతారు, ఇంక అంతే, ఆ తర్వాత నీ శ్రుతి నీ పక్కవాళ్ళ గొంతుల్లోనే వెతుక్కోవాలి. మొదట్లో రెండు శ్రుతిలో ఎత్తుకున్న పాట ఒకటిన్నరలో దిగేది. పాట అయిపోగానే మాస్టారు ఫోర్కు కొట్టి మళ్ళీ వినిపించేవారు, మేం ఎంత కింద ఉన్నామో మా చెవులకే తెలిసేది, ఆయన ఒక్క మాట తిట్టేవారు కాదు, ఆ ఫోర్కు శబ్దమే తిట్టు. దిగిపోవడానికి కారణాలు తర్వాత తెలిశాయి. అలసిన గొంతు, దీర్ఘంగా పట్టుకున్న స్వరం చివర్లో ఊపిరి చాలకపోవడం, పై స్వరానికి ఎక్కేటప్పుడు కాస్త తక్కువగా ఎక్కి దిగేటప్పుడు కాస్త ఎక్కువగా దిగడం. అవరోహణలో అడుగులు చిన్నవిగా వెయ్యండి అనేవారు. ఒక సంవత్సరానికి ఫోర్కు కొట్టినప్పుడు మేం ఉన్న చోటే ఉండటం మొదలైంది. ఆ మొదటిసారి బిట్రగుంట అంకుల్ అన్న మాట ఇక్కడ రాయలేను, సిస్టరు గారు కూడా నవ్వేశారు.

మొజార్ట్ ఆవే వేరుం కోర్పుస్ అనే లాటిన్ భక్తి పాట నేర్చుకున్నది ఆ రోజుల్లోనే. చిన్న పాట, 46 బార్లు, మన ఆవర్తాల్లాంటివి, అంతే, మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. 1791 జూన్‌లో రాశాడు, ఆస్ట్రియాలో బాడెన్ అనే చిన్న ఊళ్ళో చర్చి క్వయర్ నడిపే స్కూలు టీచరు ఆంటన్ స్టోల్ కోసం. స్కూలు టీచరు అనే మాట దగ్గర మాస్టారు కొంచెం ఆగి మా వంక చూసేవారు. అసలు రాతప్రతిలో ఎంత గట్టిగా పాడాలి, ఎక్కడ తగ్గించాలి అనే గుర్తులు లేవు, మొదట్లో ఒక్కచోట సోట్టో వోచే అని మాత్రం ఉంది, గొంతు దించి పాడమని. ఆర్నెల్లు తిరక్కుండా, ఆ డిసెంబరు 5న మొజార్ట్ పోయాడు, 35 ఏళ్ళు. లాటిన్ మాకు కష్టం కాలేదు, మాస్టారు తెలుగు లిపిలో రాసిచ్చారు, అచ్చులు అన్నీ మన అచ్చులే. చిక్కంతా మాట చివర్లో వచ్చే "స్" దగ్గర. కోర్పుస్ అన్నప్పుడు పదహారు మంది పదహారు సార్లు బుసకొట్టేవాళ్ళం, ఒకళ్ళది అయిపోయాక ఇంకొకళ్ళది. చివరికి మాస్టారు తీర్పు చెప్పారు, వరసకి ఒక్కరే స్ అనాలి, మిగతావాళ్ళు కోర్పు దగ్గరే నోరు మూసెయ్యాలి. ఆల్టోల్లో ఆ పదవి నర్సక్కకి దక్కింది. ఆ పాట రెండో భాగంలో ఆడవాళ్ళం ముందు ఎత్తుకుంటే మగవాళ్ళు ఒక అడుగు వెనకాల అదే వరస పట్టుకుని వస్తారు, అక్కడ నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఒంగోలు కూడా పోయి పాడాం, జ్యూయెట్ మెమోరియల్ చర్చిలో. పొద్దున్నే ప్రేయర్ మీటింగ్ కొండ ఎక్కించారు, 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీలు జ్యూయెట్ దంపతులు ఇంకొందరితో ప్రార్థన చేసిన చోటు అది. ఆ తర్వాత వచ్చిన మిషనరీ క్లౌ దొర కథ ఒంగోలు వాళ్ళు చెప్తుంటే వినాలి, 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వే పని కాంట్రాక్టుకి తీసుకుని జనానికి కూలి ఇప్పించడం, 1878 జులైలో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం. వచ్చేటప్పుడు రామాయపట్నం సెమినరీ దగ్గర ఆగాం, సముద్రం గాలికి అందరి గొంతులూ బొంగురుపోయాయి, అక్కడ ఏం పాడామో గుర్తు చేసుకోకపోవడమే మంచిది.

ఇక మెస్సయ్య, క్రీస్తు గురించి హాండెల్ కట్టిన పెద్ద రచన, హల్లెలూయా కోరస్ అందులోదే. మొత్తం పాడే సత్తా మాకెక్కడిది, సోలోలు పాడేవాళ్ళు లేరు, ఆర్కెస్ట్రా లేదు, కొన్ని కోరస్‌లు మాత్రమే. హాండెల్ 1741లో మొత్తం 24 రోజుల్లో రాసి పడేశాడు. మొదటిసారి పాడింది లండన్‌లో కాదు, డబ్లిన్‌లో, 1742 ఏప్రిల్ 13న, అప్పుల పాలై జైల్లో ఉన్నవాళ్ళ కోసం, ఆస్పత్రుల కోసం. హాలు సరిపోదని, ఆడవాళ్ళు గౌన్ల కింద కట్టుకునే వెడల్పాటి వలయాలు లేకుండా రావాలని ముందే ప్రకటన ఇచ్చారట. పాడినవాళ్ళు కూడా తక్కువ మందే, తర్వాతి కాలంలో వచ్చిన వందల మంది గుంపులు కాదు. ఎవరైనా "పదహారు మందితో మెస్సయ్యా?" అంటే మాస్టారు ఈ డబ్లిన్ కథ మొత్తం చెప్పేదాకా వదిలేవారు కాదు. హల్లెలూయా కోరస్ క్రిస్మస్ పాట అనుకుంటాం కానీ అది రెండో భాగం చివర్లో వస్తుంది, ముందు నడిచేదంతా శ్రమలు, పునరుత్థానం. మాకు తెలిసినా క్రిస్మస్‌కే పాడేవాళ్ళం, అడిగేవాళ్ళు అప్పుడే అడిగేవాళ్ళు మరి.

1991 డిసెంబరులో మొజార్ట్ పోయి రెండొందల ఏళ్ళని ఊళ్ళో ఒక హాల్లో ప్రోగ్రాం పెట్టుకున్నాం. మైకు సెట్టు అబ్బాయి పొద్దున్నే వచ్చి స్టేజీ ముందు మైకులు వరసగా నిలబెట్టాడు. మాస్టారు వద్దన్నారు. "మైకు లేకుండా ఎట్టా సార్, వెనక వరసకి వినపడొద్దా, నాకు చెడ్డపేరు వస్తాది" అని వాడు. మైకు ముందున్న నలుగురి గొంతూ పెద్దదై మిగతా పన్నెండు మందీ మాయమైపోతారు, అది పాట కాదు అని ఈయన. గంటసేపు వాదన. చివరికి స్వాగతం చెప్పడానికి ఒక మైకు ఉంచి మిగతావి తీయించారు, వాడు ఫుల్ రేటు ఇస్తేనే తీస్తానన్నాడు, ఇచ్చాం. జనం బాగానే వచ్చారు. మా సంగీతం టీచరు గారు మూడో వరసలో చివరి కుర్చీలో కూర్చున్నారు, నేను ఆవిడ వంక చూడకూడదని గట్టిగా అనుకున్నా, చూశాను. ఆవే వేరుం అప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నారు.

హల్లెలూయాకి లేచి నిలబడటం ఆనవాయితీ. లండన్‌లో రాజుగారు లేచాడు కాబట్టి అందరూ లేచారని కథ చెప్తారు, దానికి గట్టి ఆధారం ఏమీ లేదు, కానీ అలవాటు నిలిచిపోయింది. మాస్టారి భార్య ముందు వరసలో లేచారు, ఆమెని చూసి చర్చి వాళ్ళు లేచారు, వాళ్ళని చూసి అందరూ లేచారు. స్టేజీ కింద సోఫాలో ఉన్న ముఖ్య అతిథి గారు మాత్రం సభ అయిపోయింది, జనం ఇళ్ళకి పోతున్నారు అనుకున్నాడు. శాలువా మడిచి చంకలో పెట్టుకుని, ఇద్దరు ముగ్గురికి నమస్కారాలు పెడుతూ తలుపు వైపు బయలుదేరాడు. మేం పైన పాడుతూనే ఉన్నాం, సోప్రానోలు కింగ్ ఆఫ్ కింగ్స్ అంటూ ఒక్కో మెట్టూ ఎక్కుతున్నారు, మిగతా మూడు వరసలూ కింద ఫరెవర్ అండ్ ఎవర్ అని తరుముతున్నాయి. చివరి హల్లెలూయాకి ముందు ఒక చోట అన్ని గొంతులూ ఒక్కసారిగా ఆగిపోతాయి, పూర్తి నిశ్శబ్దం. సరిగ్గా అక్కడికి ఆయన తలుపు దగ్గరికి చేరాడు. హమ్మయ్య అయిపోయింది అన్నట్టు వెనక్కి తిరిగి రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టబోయాడు. అప్పుడు పదహారు గొంతులూ కలిసి ఆ చివరి నాలుగు అక్షరాలూ ఎత్తుకున్నాయి. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి, ఎవరో ఆయన్ని గుమ్మం దగ్గరే పట్టుకుని ఆపినట్టు. బేసుల్లో ఒకాయన, ఆర్టీసీ డిపోలో మెకానిక్, నవ్వు ఆపుకోలేక చివరి స్వరం అసలు పాడనే లేదు. అయినా ఆ రోజు మేం పాడినంత బాగా మళ్ళీ పాడలేదు.

ఆ తర్వాత అయిపోవడం పెద్ద కథేం కాదు. నర్సక్కకి కువైట్‌లో ఉద్యోగం వచ్చింది. సిస్టరు గారికి ట్రాన్స్‌ఫర్ అయింది. ఆవిరి ఇంజన్లు పోయాక బిట్రగుంట కాలనీ పలచబడింది, అంకుల్ పిల్లల దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను పెళ్ళై హైదరాబాద్ వచ్చా. మాస్టారు కంటి చూపు తగ్గినా కొన్నాళ్ళు జ్ఞాపకం మీదే నడిపారట, ఆయన పోయాక నడిపేవాళ్ళు లేరు. ఇప్పుడు క్రిస్మస్‌కి నెల్లూరు వెళ్ళినప్పుడు చూస్తే పిల్లల గొంతులు మాకన్నా బాగున్నాయి, నిజంగా. కానీ ఫోన్లోంచి ట్రాక్ వేసుకుని అందరూ ఒకే వరస పాడుతున్నారు, అదీ మనిషికో మైకు పెట్టుకుని, పక్కవాడి గొంతు వినే అవసరం ఎవరికీ లేకుండా. నాకు అది నచ్చదు. పెద్దదాన్నై సణుగుతున్నా అనుకుంటే అనుకోండి.

ఈ మధ్య నర్సక్క కువైట్ నుంచి రిటైరై వచ్చి ఫోన్ చేసింది. గూడూరు అన్న ఉన్నాడు, మెకానిక్ గారు ఉన్నారు, సోప్రానోల్లో ముగ్గురి నంబర్లు దొరికాయి, వాళ్ళ కూతుళ్ళు ఇద్దరు వస్తామన్నారట. ఈ డిసెంబరులో ఒక శనివారం కూర్చుందాం, ఆవే వేరుం ఒక్కటే, మిగతా సంగతి తర్వాత చూద్దాం అనింది. అందరికీ సోల్ఫా కాగితాలు ఫోటో తీసి పంపింది, స్ ఎవరు అనాలో కూడా ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టింది, ఆల్టోల్లో మళ్ళీ తనే. టెనర్ మాత్రం ఒక్కడు కూడా దొరకలేదు. నెల్లూరు, కావలి, గూడూరు చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి, నొటేషన్ రాకపోయినా పర్లేదు, నేర్పిస్తాం, ప్యాసింజర్ టైముకి వదిలేస్తాం.